నీరు తోడు శక్తి: దాని లెక్క, దాని పొదుపు

"నీరు పల్లమెఱుగును, నిజము దేవుడెఱుగును" అను సామెతను ఎఱుగని రైతు మన దేశమున లేడు. పల్లమునకు నీరు తనంత తానే పోవును. అందులకు ఎవ్వరికిని కూలి యియ్యనక్కఱలేదు. కాని అదే నీరు మిట్టకు రావలయునన్నచో ఎవరో యొకరు దాని బరువును మోయక తప్పదు. ఒకప్పుడు ఆ బరువును ఏతము త్రొక్కు మనుష్యుడు మోసెను; కపిల తోలు ఎద్దుల జత మోసెను. నేడు చమురు ఇంజను, విద్యుత్తు మోటారు, ఎండను గ్రహించు పలకలు మోయుచున్నవి. మోయువారు మాఱిరి గాని మోయవలసిన బరువు మాఱలేదు. ఈ బరువు లెక్క తెలిసిన రైతు మోటారు కొనునప్పుడు మోసపోడు, బోరు వేయునప్పుడు తొందరపడడు, ఇరుగుపొరుగువారితో ట్రాన్స్‌ఫార్మరు విషయమై తగవులాడడు. కావున పాఠశాలలో పిల్లలు చదువుకొను ఈ శాస్త్రమును మన బావిగట్టు మీదికి తెచ్చి, మన సభ్యులకు అక్కఱకు వచ్చునంత మట్టుకు ఇచ్చట వివరింతుము.

పని యన నేమి?

లోకములో పని యనగా మనము అనేక విధములుగా చెప్పుకొందుము. పొలమునకు కావలి కాయుటయు పనియే, పద్దులు వ్రాయుటయు పనియే. కాని శాస్త్రజ్ఞులు పని యను మాటను ఒక్క అర్థమున మాత్రమే వాడుదురు. ఒక బలము ఒక వస్తువును కొంత దూరము కదల్చినపుడే పని జరిగినదందురు. బస్తాను నెత్తిన పెట్టుకొని గంటసేపు కదలక నిలుచున్నవాడు అలసిపోవును గాని, ఆ బస్తా విషయమున వాడు పని చేసినట్లు లెక్క గాదు. ఆ బస్తాను నేల నుండి బండి మీదికి ఎత్తినవాడు పని చేసెను.

ఎత్తుట యందలి పనికి లెక్క సులభము: బరువును ఎత్తుతో హెచ్చించవలయును. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును. దానిని ఒక మీటరు ఎత్తునకు చేర్చుటకు 9.8 జౌలుల పని కావలయును. జౌలు అనునది పనిని, శక్తిని కొలుచు మానము. మానెడు, కుంచము ధాన్యమునకు ఎట్టివో జౌలు శక్తికి అట్టిది.

ఇక మన పొలమునకు రండు. ఒక ఎకరము నేలలో ఒక అంగుళము లోతున నీరు నిలుపవలెనన్నచో ఇంచుమించు 1,02,800 లీటర్లు కావలయును. ఆ నీటిని 10 మీటర్ల లోతు గల బావి నుండి తోడుటకు కోటి జౌలుల పని చేయవలయును. ఈ కోటి జౌలులను దేవేంద్రుడు వచ్చినను తగ్గింపలేడు. ఏతమైనను, ఇంజనైనను, మోటారైనను కనీసము ఇంత పని చేసియే తీరవలయును. అంతకన్న ఎక్కువ ఎంత ఖర్చగుననునది మాత్రమే మన చేతిలో నున్నది. ఈ వ్యాసమునకంతటికిని ఇదియే ప్రాణము.

శక్తి గాదెలు

పని చేయగల సామర్థ్యమున్న వస్తువునందు శక్తి గలదందురు. ఆ శక్తి పలు గాదెలలో నిలువ యుండును. బియ్యము ఒక గాదె: ఒక కిలోగ్రాము బియ్యమునందు దాదాపు 145 లక్షల జౌలుల శక్తి దాగియున్నది. ఎండుగడ్డియు, కట్టెలును, పిడకలును అట్టివే. డీసెలు నూనె మిక్కిలి పెద్ద గాదె. ఒక్క లీటరునందు దాదాపు 360 లక్షల జౌలులు గలవు. ఎత్తున నున్న చెఱువు నీరు మఱియొక గాదె. దాని ఎత్తే దాని ధనము. దీనిని స్థితిజశక్తి యందురు. తిరుగుచున్న ఇంజను చక్రమునందును, పాఱుచున్న కాలువ నీటియందును ఉన్నది గతిజశక్తి. కాగిన నీటియందలిది ఉష్ణశక్తి.

ఈ గాదెలకు మూలమైన కొట్టు సూర్యుడు. పైరు ఆకులు ఎండను త్రాగి గింజయందును గడ్డియందును నిలువ చేయును. ఆ గడ్డిని ఎద్దు మేసి కపిల లాగును. బొగ్గును, నూనెయును వేనవేల తరములకు పూర్వము నేలలో పూడిన జీవరాశి నుండి పుట్టినవే. వానను కురిపించునదియు సూర్యుని వేడిమియే గావున చెఱువు నీటి యెత్తును ఆయన ధర్మమే.

ఒక గాదెలోని శక్తి మఱియొక గాదెకు మాఱును గాని క్రొత్తగా పుట్టదు, నశింపదు. మన సంఘపు చిట్టాలో ఒక పద్దున ఖర్చు వ్రాసినది మఱియొక పద్దున జమ పడవలసినట్లే, ఇచ్చటను లెక్క సరిపోవలయును. సంవత్సరాంతమున ఆడిటరు వచ్చి పైసతో సహా సరిచూచునట్లు ప్రకృతి ప్రతి క్షణమును సరిచూచుచుండును. ఇంగ్లండు దేశమున సారాయి బట్టీల యజమాని కుమారుడగు జేమ్స్ ప్రెస్కాట్ జౌలు (1818-1889) ఈ విషయమును కొలతలతో స్థాపించిన వారిలో ముఖ్యుడు. ఆయన బరువులను క్రిందికి దిగవిడిచి, వానిచే నీటి పాత్రలోని తెడ్లను త్రిప్పించి, ఆ రాపిడికి నీరు ఎంత వేడెక్కెనో అతిసూక్ష్మముగా కొలిచెను. బరువు దిగుటచే పోయిన శక్తి యంతయు నీటి వేడిమిగా కనబడెను. ఆయన పేరే ఆ మానమునకు నిలిచినది.

ఆ కొలత నుండి మనము నేర్చుకొనదగిన దొకటి గలదు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు పట్టు శక్తితో అదే నీటిని 427 మీటర్ల ఎత్తునకు ఎక్కింపవచ్చును! వేడిమి అంత శక్తిని మ్రింగును. కావున బేరింగు కాలుచున్నను, మోటారు ఒడలు ముట్టరానంత వేడెక్కినను అది చిన్న సంగతి గాదు. నీటిని తోడవలసిన శక్తి గాలిలోనికి వేడిమిగా పోవుచున్నదన్నమాట. శక్తి నశింపలేదు, నిజమే. కాని మన మడిలోనికి రాలేదు.

సామర్థ్యము: పని యొక్క వేగము

పని యెంత యనునది యొకటి, ఎంత త్వరగా జరిగెననునది వేఱొకటి. ఇద్దఱు కూలీలు చెఱి నూఱు బస్తాలు ఎత్తిరి. ఒకడు పూటలో ముగించెను. రెండవవానికి రెండు పూటలు పట్టెను. వారి పని సమానమే. మొదటివాని సామర్థ్యము రెట్టింపు. ఒక్క సెకండునకు ఒక జౌలు చొప్పున పని జరిగినచో దానిని ఒక వాట్టు సామర్థ్యమందురు. వేయి వాట్లు ఒక కిలోవాట్టు.

ఈ పేరు స్కాట్లండు దేశీయుడగు జేమ్స్ వాట్టు (1736-1819) పేరు మీద వచ్చినది. ఆవిరి యంత్రములు మొదట పుట్టినది గనులలో ఊఱు నీటిని తోడుటకే యనునది మన రైతులకు వినసొంపైన సంగతి. 1712లో న్యూకోమెను అనునాతడు అట్టి యంత్రమును నడిపెను. కాని అది బొగ్గును విశేషముగా తినుచుండెను. వాట్టు 1769లో పొందిన హక్కుపత్రము ప్రకారము ఆవిరిని వేఱొక పాత్రలో చల్లార్చి బొగ్గు ఖర్చును మిక్కిలి తగ్గించెను. ఆయనయు భాగస్వామియగు బౌల్టనును గని యజమానుల నుండి, పాత యంత్రముతో పోల్చగా మిగిలిన బొగ్గు విలువలో మూడవ వంతును ప్రతిఫలముగా తీసికొనిరి. పొదుపును కొలిచి, ఆ పొదుపులో భాగము నడిగిన వర్తకుడన్నమాట! గుఱ్ఱములను కట్టి పని చేయించు వారికి తెలియుటకై ఆయన గుఱ్ఱపు సామర్థ్యమును నిమిషమునకు 33,000 అడుగు-పౌనులుగా నిర్ణయించెను. అదియే హార్సుపవరు, నేటి లెక్కలో 746 వాట్లు. దినమంతయు ఆ వేగమున పని చేయు గుఱ్ఱము అరుదు.

ఇక మన సాధనములను ఈ త్రాసున తూచి చూతము. ఏతపుబాన 20 లీటర్లు పట్టుననియు, నీరు 4 మీటర్ల లోతున నున్నదనియు, నిమిషమునకు ఆఱు బానలు వచ్చుననియు అనుకొందము. లెక్కింపగా 78 వాట్లగును. ఇది యించుమించు హార్సుపవరులో పదవ వంతు. గంటల తరబడి పని చేయు మనుష్యుని సామర్థ్యమును అంతయే. ఇట్లు ఒక ఎకరమునకు ఒక అంగుళము నీరు పెట్టుటకు 14 గంటలకు పైగా త్రొక్కవలయును. అదియును 4 మీటర్ల లోతునకే.

కపిలను చూడుడు. 150 లీటర్ల తోలు తొండము 10 మీటర్ల లోతు నుండి నిమిషమునకు ఒకమాఱు పైకి వచ్చినచో 245 వాట్లు. అనగా హార్సుపవరులో మూడవ వంతు. ఎకరమునకు అంగుళము నీరు పెట్టుటకు 685 మాఱులు ఎద్దులను తోలవలయును. పదునొకండున్నర గంటలు పట్టును. మంచి ఎద్దుల జత ఒక హార్సుపవరు వఱకు లాగగలదని చెప్పుదురు గదా, తక్కినది ఏమైనది? ఎద్దులు దిగుడుబాట వెంట దిగునపుడు వాని దేహభారము కూడ మోకును లాగుటకు తోడ్పడును. కాని మరల అదే బాట వెంట పైకి ఎక్కునపుడు ఆ దేహభారమును తామే మోసికొనవలయును. ఆ కాలమున నీరు రాదు. గిలక రాపిడి, తొండము నుండి కాఱు నీరు వేఱు. బాటను వాలుగా త్రవ్విన పెద్దల యుక్తి మెచ్చదగినదే. అయినను ఆ వాలు శక్తిని పుట్టింపలేదు, శక్తిని ఎద్దు కండరములకు అనువుగా మలచినది మాత్రమే. అసలు శక్తి వచ్చినది గడ్డివామి నుండి.

ఇప్పుడు 5 హార్సుపవరుల విద్యుత్తు మోటారు. మన పల్లెలలో సాధారణముగా కనబడు స్థితిలో నది 4,500 వాట్ల విద్యుత్తును త్రాగి 1,570 వాట్ల మేరకు నీటిని ఎత్తుననుకొందము. 10 మీటర్ల బావి నుండి ఎకరమునకు అంగుళము నీటిని ఒక గంట ముప్పావులో పెట్టును. కపిలకు పదునొకండున్నర గంటలు పట్టిన పని యిది. రైతు నడుమునకును, ఎద్దు మెడకును కలిగిన ఈ విశ్రాంతి సామాన్యమైనది కాదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చుటయు, అటుపిమ్మట శ్రీశైలము, నాగార్జునసాగరముల వంటి కేంద్రములు వెలయుటయు మన పల్లెలలో ఈ మార్పునకు ఊతమైనవి.

యూనిట్టు యన నేమి?

కిలోవాట్టునకును యూనిట్టునకును భేదము చాలమంది యెఱుగరు. కిలోవాట్టు వేగము, యూనిట్టు మొత్తము. ఒక కిలోవాట్టు చొప్పున ఒక గంటసేపు నడచినచో ఒక యూనిట్టగును. అనగా 36 లక్షల జౌలులు. కాలువ తూము వెడల్పు వంటిది కిలోవాట్టు. మడిలో నిలిచిన నీరు వంటిది యూనిట్టు. పైన చెప్పిన కోటి జౌలులు యూనిట్ల లెక్కలో 2.8 మాత్రమే. మన మోటారు గంట ముప్పావులో ఖర్చు చేసినదో 8 యూనిట్లు. అనగా మూడింట రెండు వంతులు నీటికి గాక మఱియొక దారిని పోయినవి. నీటికి పనికివచ్చిన భాగమును మొత్తముతో భాగించినచో వచ్చునది దక్షత. ఇచ్చట దక్షత నూటికి 35.

పోయిన శక్తి ఎచ్చటికి పోయినది?

మోటారు తీగలలో కొంత వేడిమియగును. పలుమాఱులు కాలి, నాసి తీగతో మరల చుట్టించిన మోటారులో ఈ నష్టము హెచ్చును. పంపులోని చక్రము అరిగినను, ఆ పంపు మన బావి లోతునకు తగినది కాకున్నను మఱికొంత పోవును. ప్రతి పంపునకును ఒక లోతు వద్దనే ఉత్తమమైన దక్షత యుండును. 60 మీటర్లకు చేసిన పంపును 25 మీటర్ల బోరున దింపుట గుఱ్ఱమునకు గాడిద జీను కట్టుట వంటిదే.

గొట్టము సంగతి ముఖ్యముగా గమనింపదగినది. ఒకే పరిమాణము గల నీరు పాఱునపుడు గొట్టము వ్యాసము సగమైనచో రాపిడి నష్టము ఇంచుమించు 32 రెట్లగును. గొట్టము కొనునప్పుడు మిగిల్చిన సొమ్మును ప్రతి తడియందును శక్తి రూపమున చెల్లించుచుందుము. వంపులు, అనవసరముగా ఆకాశమునకు లేపిన చివరి గొట్టము, మూసికొనిపోయిన ఫుట్‌వాల్వు, ఇవన్నియు బావి లోతును మనమే పెంచుకొనుట వంటివి. చివరి గొట్టము తొట్టి కన్న ఒక మీటరు ఎత్తున నున్నచో, బావి ఒక మీటరు లోతైనట్లే.

మంచి పంపు, తగిన గొట్టము, సరియైన అమరిక యున్నచో దక్షతను నూటికి 50 వఱకు తేవచ్చును. అప్పుడు ఆ 8 యూనిట్ల పని 5.6 యూనిట్లలో జరుగును. కేంద్ర ప్రభుత్వపు ఇంధన దక్షతా బ్యూరో వారు పంపుసెట్ల మీద నక్షత్రపు గుర్తులు వేయించుచున్నారు. నక్షత్రములు హెచ్చినకొలది దక్షత హెచ్చు. కొనునప్పుడు ధర నొక్కదానినే గాక ఈ గుర్తును గూడ అడుగుట మేలు.

పెద్ద మోటారు పెద్ద నీరు గాదు

బోరులో నీరు తగ్గిన వెంటనే రైతు మనస్సు పెద్ద మోటారు మీదికి పోవును. 5 చాలలేదు, ఏడున్నర తెత్తము. ఏడున్నర చాలలేదు, పది తెత్తము అని అప్పు చేయును. ఇచ్చటనే సామర్థ్యమునకును శక్తికిని గల భేదము మఱచుట వలన సంసారములు గుల్లయగుచున్నవి. హార్సుపవరు అనునది తోడు వేగము. భూమిలో నీరు ఊఱు వేగము భూమి చేతిలో నున్నది గాని మోటారు చేతిలో లేదు. గంటకు 15,000 లీటర్లు ఊఱు బోరులో గంటకు 30,000 లీటర్లు తోడు మోటారు దింపినచో అది సగము కాలమున నీటిని లాగివేసి, తక్కిన కాలము గాలిని మ్రింగును. నీరు అంతయే; అప్పు మాత్రము హెచ్చును. పైగా నీటిమట్టము త్వరగా దిగుటచే అదే నీటిని మఱింత లోతు నుండి ఎత్తవలసివచ్చి లీటరునకు పట్టు శక్తియు హెచ్చును.

లోతు లెక్క యింకను కఠినము. 10 మీటర్ల బావి నుండి ఎకరమునకు అంగుళము నీటికి 8 యూనిట్లు పట్టినచో, 60 మీటర్ల నుండి 48 యూనిట్లు పట్టును. వరికి 48 అంగుళముల నీరు వలయుననియు, వాన సాయము లేక అంతయు ఆ బోరు నుండియే తోడవలయుననియు అనుకొన్నచో ఎకరమునకు 2,300 యూనిట్లు దాటును. 20 అంగుళములతో పండు వేరుసెనగకు 960 యూనిట్లు చాలును. బోరు క్రింద వేసవి వరి వేయువారు ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూచుకొందురు గాక.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 నుండి సేద్యమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చుచున్నారు. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల సరఫరా ప్రారంభమైనది. రైతు భారము తగ్గుట సంతోషకరమే. కాని రైతు చెల్లింపనంత మాత్రమున ఆ కోటి జౌలులు ఉచితముగా పుట్టలేదు. ఎచ్చటనో బొగ్గు కాలినది, లేదా కృష్ణ నీరు జలాశయము నుండి దిగినది. వేయి లీటర్ల నీరు 100 మీటర్లు పడినను లభించునది యూనిట్టులో నాలుగవ వంతునకు కొంచెము పైన మాత్రమే. ఆ విలువ తెలిసినందుననే శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమునందును, నాగార్జునసాగరమునందును కొన్ని యంత్రములను తలక్రిందులుగా కూడ త్రిప్పి, మిగులు విద్యుత్తుతో దిగువ నీటిని మరల జలాశయమునకు ఎక్కించు ఏర్పాటు చేసినారు. అది నీటి గాదెలో శక్తిని దాచుటయే. మనము మాత్రము భూమిలోని గాదెను అడుగంటునట్లు చేయుట తగునా?

ట్రాన్స్‌ఫార్మరు కాలుట ఏల?

పైరు పొట్టమీద నున్నపుడు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినచో ఆ రైతుల గతి యెట్లుండునో చెప్పనక్కఱలేదు. దీనికి కారణమును దైవము మీదికి త్రోయుట పరిపాటియైనది. లెక్క చూచిన దైవము నిర్దోషి యని తేలును.

5 హార్సుపవరుల మోటారు పూర్తి భారము మీద ఇంచుమించు 4,700 వాట్లు తీసికొనును. మోటారు స్వభావమును బట్టి తీగలలో దానికన్న హెచ్చు ప్రవాహము నడచును గావున ట్రాన్స్‌ఫార్మరు మీద పడు భారము 5.8 కిలోవోల్టు-ఆంపియర్లు. 25 సంఖ్య గల ట్రాన్స్‌ఫార్మరు ఇట్టి మోటార్లను నాలుగింటిని మాత్రమే సుఖముగా మోయును. మొత్తము 23 చిల్లర. ఆ నలుగురు రైతులును ఒకరి నొకరు చూచి రహస్యముగా ఏడున్నర హార్సుపవరుల మోటార్లు దింపిరనుకొందము. భారము 35 అగును. ఇది 25నకు 1.4 రెట్లే గదా యనవచ్చును. కాని తీగలలో పుట్టు వేడిమి ప్రవాహమును దానితోనే హెచ్చించిన చొప్పున పెరుగును, 1.4ను 1.4తో హెచ్చింపగా దాదాపు రెండు. కావున ట్రాన్స్‌ఫార్మరు చుట్టలలో వేడిమి రెండింతలగును. దానిలోని నూనె ఆ వేడిమిని వెలికి పంపజాలదు. ఒకనాడు కాలును. నలుగురి పైరును ఒక్కసారిగా ఎండును.

విద్యుత్తు పోయి వచ్చినపుడు తమంత తామే నడచు స్టార్టర్లన్నియు ఒక్క క్షణమున మోటార్లను లేపుటయు అపాయమే. ఏలనన, లేచునపుడు మోటారు సాధారణ ప్రవాహమునకు పలు రెట్లు తీసికొనును. దీనికి విరుగుడు కష్టమైనది గాదు. ప్రతి మోటారునకును తగిన కెపాసిటరు బిగించినచో ఒక్కొక్క మోటారు భారము 5.8 నుండి 5నకు లోపుగా తగ్గును. నాలుగు మోటార్లకు 20 చాలును. కెపాసిటరు వెల మోటారు మరల చుట్టించు ఖర్చు కన్న ఎన్నో రెట్లు తక్కువ. వంతుల వారీగా నడపుకొన్నచో అందఱకును సరియైన ఓల్టేజి దక్కును. ఇది ఒక్కని వలన కాదు. ఒక్కడు మాట తప్పినను నలుగురును నష్టపోదురు. సహకారమన్న మాటకు ఇంతకన్న ప్రత్యక్షమైన నిదర్శనము వేఱొకటి యుండునా? విద్యుత్తు పంపిణీని సహితము సహకార పద్ధతిని నడపవచ్చునని 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్తు సరఫరా సంఘము చూపినది. అంత పెద్ద కార్యము సాధ్యమైన తెలుగునాట ఒక్క ట్రాన్స్‌ఫార్మరు క్రింది నలుగురు కట్టుబడి యుండుట అసాధ్యమా?

ఎండతో నడచు పంపు

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఒక చదరపు మీటరు నేల మీద ఇంచుమించు 1,000 వాట్ల వేగమున సూర్యశక్తి పడును. నేటి పలకలు అందులో అయిదవ వంతును విద్యుత్తుగా మార్చును. 5 హార్సుపవరుల పంపునకు దాదాపు 5 కిలోవాట్ల పలకలు, అనగా 25 చదరపు మీటర్ల చోటు వలయును. 2019లో కేంద్ర ప్రభుత్వము వారు ప్రారంభించిన కుసుమ్ పథకము ఇట్టి పంపులకు సాయము చేయునట్టిది. తీగలు చేరని పొలములకును, డీసెలు మీద నడపువారికిని ఇది విచారింపదగినది. అయితే మబ్బు పట్టినపుడు వేగము తగ్గును, రాత్రి సున్న. కావున బ్యాటరీ కొనుట కన్న పగలు తోడిన నీటిని ఎత్తున కట్టిన తొట్టిలో నిలువ చేయుట చౌక. తొట్టియే ఇచ్చట శక్తి గాదె. ఎండ ఉచితమైనను బోరులోని నీరు అపారము గాదను మాట ఇచ్చటను మఱవరాదు.

మన బావిని మనమే పరీక్షించుట

ఈ లెక్కలు చేయుటకు ఇంజనీరు రానక్కఱలేదు. 200 లీటర్ల డ్రమ్మును గొట్టము క్రింద నుంచి అది నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో గడియారముతో చూడవలయును. 25 సెకండ్లు పట్టినచో సెకండునకు 8 లీటర్లు. పంపు నడచుచుండగా నీటిమట్టము నుండి గొట్టము నోటి వఱకు ఎత్తును త్రాటితో కొలువవలయును, 20 మీటర్లనుకొందము. 8ని 9.8తోను, 20తోను హెచ్చింపగా 1,568 వాట్లు వచ్చును. మోటారు తీసికొను విద్యుత్తును మీటరు మీదనో, విద్యుత్తు శాఖవారి సాయముననో తెలిసికొని, 4,500 వాట్లైనచో, దానితో భాగింపగా నూటికి 35. ఇది మీ పంపు దక్షత. దీనిని గోడ మీద వ్రాసి యుంచుకొనుడు. మఱుసటి సంవత్సరము మరల కొలువుడు. తగ్గినచో చక్రము అరిగినదో, గొట్టము కాఱుచున్నదో, భూమిలో నీరే దిగినదో విచారింపవచ్చును.

ఒక డ్రమ్మును, ఒక కొలత త్రాటిని, విద్యుత్తు కొలుచు చిన్న పరికరమును సంఘమే కొని సభ్యులకు వంతుల మీద ఇచ్చినచో ఊరిలోని పంపులన్నిటి దక్షతయు ఒక్క కారులో తెలిసిపోవును. పంపు కొఱకు అప్పు అడుగు సభ్యుని దరఖాస్తుతో ఈ కొలత కాగితమును జతపఱచు నియమము పెట్టుకొన్నచో సంఘపు సొమ్మునకును భద్రము, సభ్యునకును భద్రము. ఏడున్నర హార్సుపవరుల మోటారునకు అప్పు అడిగినవానికి, గొట్టము మార్చిన చాలునని కొలత చెప్పినచో, ఆ అప్పు చేయకపోవుటయే సంఘము చేయు మేలు.

వేగముగా తోడుట వేఱు, మిగులునట్లు తోడుట వేఱు. మొదటిది మోటారు చేయగలదు. రెండవది రైతు మాత్రమే చేయగలడు. నీరు పల్లమెఱుగును, లెక్క యెఱిగిన రైతు మిట్టను గూడ తడుపును, బోరును గూడ నిలుపుకొనును.